దిబ్బగాలి రోజున పోయిన చొక్కా

సవిత భయపడుతూ మెట్లెక్కి వచ్చేసరికి రాబర్ట్‌సన్‌పేటలోని ఆ డిటెక్టివ్ ఆఫీసులో ఈగలు తోలుకోవడం తప్ప మరో పని లేదు. వాసుదేవ హంతకులను పట్టి పేరు తెచ్చుకున్న మనిషేమీ కాదు. కంపెనీల్లో కొత్తగా చేరేవాళ్ల గురించి వాకబు చేయడం, పెళ్లికొడుకుల గురించి ఆరా తీయడం ఆయన బతుకుతెరువు. కంపెనీలు ఉన్నవాళ్లనే ఇంటికి పంపుతుంటే ఇక వాకబు ఎవరికి కావాలి? ఉద్యోగమే లేని పెళ్లికొడుకు గురించి తెలుసుకోవడానికి డిటెక్టివ్ ఎందుకు? అయినా ఆయన బుర్రకు సాటి లేదని అసిస్టెంటు అనఘ గట్టి నమ్మకం. టీచరుగారి అమ్మాయి, చదువుకున్నది, తనకూ ఒక పెద్ద కేసు రాకపోతుందా అని ఎదురుచూస్తోంది.

"చొక్కా పోయినాదప్పా," అంది సవిత.

అనఘకు నవ్వొచ్చింది. సవిత చెప్పుకుపోతుంటే ఆ నవ్వు మెల్లగా ఆరిపోయింది. దగ్గర్లోని నరసాపురం పారిశ్రామికవాడలో బండ్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో సవితది కాంట్రాక్టు పని. రెండు నెలల కింద సగం మందిని తీసేశారు. తీసేసిన వాళ్లు పాత బూడిద రంగు చొక్కాతో గేటు దాటి రాకుండా, మిగిలిన వాళ్లకు ఈ నెలలోనే నీలం చొక్కాలిచ్చారు. చొక్కా పోగొట్టుకున్న మనిషికి పని లేదు. ఇంకొకటి ఇవ్వరు. ఎవరికో అమ్ముకున్నావేమో అని సూపర్‌వైజర్ మోహన్ అప్పుడే అనేశాడు, సోమవారం దాకా గడువు పెట్టాడు. మనుషులను తగ్గించడానికి సాకులు వెతుకుతున్న రోజులు మరి.

"మా ఇంట్లో పనికి పోయేది నేనొక్కదాన్నే," అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నమే వాళ్లు ఛాంపియన్ రీఫ్ లైన్లకు వెళ్లారు. ఒకదానికొకటి ఆనుకున్న గని కార్మికుల ఇళ్లు, ముందు అందరికీ కలిపి ఎత్తుగా కట్టిన ఒకటే బట్టల తీగ. బంగారు గని మూతపడ్డా, బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మాత్రం ఎక్కడికీ పోలేదు. గాలి అటునుంచి తిరిగిందంటే తెల్లటి దుమ్ము లేచి తడి బట్టలకు అంటుకుంటుంది. అది ఒంటికి తగిలితే దురద. అందుకే గాలి లేచినప్పుడు ఇంట్లో ఎవరుంటే వాళ్లు లైనంతటి బట్టలూ తీసి, దులిపి, లోపలి వైపు బయటికి వచ్చేలా మడిచి ఎవరి తిన్నె మీద వాళ్లవి పెడతారు.

ముందురోజు, బుధవారం మధ్యాహ్నం జరిగిందీ అదే. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన సవిత ఆరేసి పడుకుంది. లేచి చూస్తే బట్టలన్నీ తిరగేసి మడిచి తిన్నె మీద ఉన్నాయి. చొక్కా ఒక్కటి లేదు. ఎవరో బట్టలు తీసి పెట్టాక దొంగ వచ్చి చొక్కా ఎత్తుకుపోయాడని లైనంతా అనుకుంటోంది.

వాసుదేవ ప్రతి గుమ్మం ముందూ ఆగి, బుధవారం బట్టలు తీసిందెవరని అడిగాడు. ఎవరూ తామని అనలేదు. ఆ వేళకు లైన్లో ఉన్నది సవిత కాక ఇద్దరేనని తేలింది. ఒకరు ముసలి చిక్కమ్మ. గనిలో పోయిన కార్మికుడి భార్య, కుడిచెయ్యి భుజం దాటి లేవదు. రెండోది కేశవ భార్య నాగరత్న. గుమ్మంలో కూర్చుని కాయగూరలు తరుగుతూ, తాను ఆ వేళ నిద్రపోతున్నానని చెప్పింది. కేశవ కూడా సవిత కంపెనీలోనే వేరే విభాగంలో పని చేస్తాడనీ, ఈ పొద్దునే కొత్త చొక్కాతో పోయాడనీ చిక్కమ్మ చెప్పింది. అంతకు ముందు, అందరికీ నీలం వస్తే నీకింకా బూడిద రంగేమప్పా అని ఆవిడే అతన్ని రోజూ నిలదీసేదట.

మర్నాడు వాసుదేవ చెప్పిన మీదట అనఘ కేశవను దూరం నుంచి వెంబడించింది. నీలం చొక్కా, చేతిలో క్యారియర్, చకచకా నడక. ఆ నడక నరసాపురం బస్సు దగ్గరికి పోలేదు. బంగారుపేట స్టేషన్లో ఒక బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చున్నాడు. చొక్కా భుజాల దగ్గర బిగుతుగా ఉంది. పక్క కుట్లు విప్పి వదులు చేసినట్టు పాత సూది రంధ్రాలు వరుసగా కనిపిస్తున్నాయి. దొంగ దొరికాడని అనఘ పరుగున వచ్చి చెప్పింది.

"దొంగ అతను కాదు," అన్నాడు వాసుదేవ. ఇంకేమీ చెప్పకుండా, శనివారం సాయంత్రం లైన్లో అందర్నీ పోగుచేయమన్నాడు. అమ్ముకుందన్న మాట మోహన్ నోటితోనే వెనక్కి తీయించాలట. అనఘ ఉత్సాహంగా ఇల్లిల్లూ తిరిగి పిలిచింది.

శనివారం సాయంత్రం తీగ కింద మోహన్‌తో సహా అందరూ చేరారు. కేశవ 'షిఫ్టు' నుంచి అప్పుడే వచ్చాడు.

"దొంగ బయటివాడైతే చొక్కా లాక్కుని పోతాడు," అని మొదలుపెట్టాడు వాసుదేవ. "మిగతావి దుమ్ములో పోతే వాడికేం? ఈ దొంగకు మనసొప్పలేదు. అన్నీ దులిపి మడిచి పెట్టినాక ఒకటి తీసుకుంది. ఈ లైన్లో ఎవరికైనా సాయం చేస్తే సాయంకాలానికి చెప్పుకుంటారు కదా. బుధవారం సాయం చేసిన మనిషి మాత్రం చెప్పుకోలేదు. చిక్కమ్మకు తీగ అందదు. కేశవ కాదు, పగలు లైన్లో కనబడితే గుట్టు బయటపడుతుంది కాబట్టి అతను సాయంత్రం దాకా ఇటు రాడు. రెండు నెలలుగా అతనికి పని లేదు. మిగిలిన వాళ్లకిచ్చిన నీలం చొక్కా అతనికి ఎలా వచ్చింది? ఆడమనిషి కొలత చొక్కాకు కుట్లు విప్పి ఇచ్చిందెవరు?"

లైనంతా నాగరత్న వైపు తిరిగింది.

"నేనే తీసినాను సార్," అన్నాడు కేశవ. "ఆయమ్మకేమీ తెలీదు. నా పేరు రాసుకోండి."

"తెలుసు," అంది నాగరత్న, తల ఎత్తకుండా. "రెండు నెలలుగా ఈయన చొక్కాకు నూనె మరక లేదు. ఉతికేదాన్ని, నాకు తెలీదా? అడిగితే చెప్పాల్సొస్తాదని అడగలేదు. చిక్కమ్మ రోజూ అడగతా ఉంటే ఈయన ముఖం చూడలేకపోయినాను. కంపెనీ వాళ్లు పంపినారని చెప్పి ఇచ్చినాను."

కంపెనీ పంపదని కేశవకు తెలుసు. కాదంటే తన సంగతి బయటపడుతుంది. అందుకే నోరు మూసుకుని తొడుక్కున్నాడు. మొగుడూ పెళ్లామూ ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ ఒకే ఇంట్లో దొంగల్లా బతికారు. సవితకు కంపెనీ ఇంకొకటి ఇస్తుందని నాగరత్న అనుకుంది. ఇవ్వరని తెలిసేసరికి కుట్లు విప్పేయడం అయిపోయింది, కేశవ తొడుక్కుని వెళ్లిపోయాడు.

కేశవ గుండీలు విప్పసాగాడు. అక్కడే, అందరి ముందూ. చొక్కా తీసి మడిచి సవిత చేతికిచ్చి, చిరుగుల బనీనుతో నిలబడ్డాడు. చిక్కమ్మ కొంగుతో నోరు కప్పుకుంది. మోహన్ గొంతు సవరించుకుని, తాను అన్నది తప్పేననీ, సోమవారం పనికి రావచ్చనీ సవితతో చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా బండెక్కి వెళ్లిపోయాడు. సవిత చొక్కా పట్టుకుని ఏడ్చింది. వద్దనగలిగే స్థితి ఆమెకూ లేదు.

కేసు తేలింది. నేరస్థురాలు దొరికింది. ఎప్పటిలా తన గురువు వైపు గర్వంగా చూడాలనుకున్న అనఘకు కళ్లు పైకి లేవలేదు. వాసుదేవ జేబురుమాలుతో కళ్లద్దాలు తుడుస్తూనే ఉన్నాడు.

నాగరత్న అనఘ దగ్గరికి వచ్చింది. కోపం లేదు ఆమెలో. అదే భరించలేకపోయింది అనఘ.

"శనివారం రమ్మని పిలిచేదానికి ఇంటికొచ్చినావే తల్లీ," అంది మెల్లగా. "అప్పుడు నేనొక్కదాన్నే ఉండాను. చొక్కా ఇయ్యి అని చెవిలో అడిగుంటే ఇచ్చేస్తా ఉంటిని కదమ్మా."

అనఘకు సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. నాగరత్న మొగుడి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది.