చెమర్చే కుండ

పాత మెత్తలు పీకేసరికి నాంచారి చేతుల నిండా ఉప్పు. వట్టివేళ్ల కొత్త మెత్తలు కూలర్ చట్రంలో బిగించి, పంపు తిప్పి, నీళ్లు సమంగా జారుతున్నాయో లేదో చూసింది. బయట యాభై ఒక్క డిగ్రీలు. లోపల ఇరవై ఏడు. పొద్దున్నుంచి ఇది తొమ్మిదో ఇల్లు. ఈ ఒక్క ఇంటి కోసమే మూడేళ్లు కాళ్లావేళ్లా పడి పై టవర్ల డ్యూటీ వేయించుకుంది.

ఇల్లు చిదంబరరావుది. నాంచారి పనిచేసే ఆవిరి మండలికి కమిషనర్.

కింద కాలనీల్లో కుండలు చెమర్చితే గాలిలో తేమ పెరిగి, పైన వీళ్ల కూలర్లు చల్లబరచవట! అందుకని పొడిగాలి చట్టం. ప్రతి ఇంటికీ, ప్రతి మెట్ల వరుసకీ ఒక తేమకన్ను. లెక్కకు మించి ఆవిరి పసిగట్టిందా, మూడు రోజులు నీళ్లు బంద్, చల్లగాలి బంద్, ఆ ఇంటివాళ్లకు ఇంకెక్కడా తలుపు తెరుచుకోదు. మెట్ల మీదైతే ఆ అంతస్తు మొత్తానికీ అంతే. అరవై సెకన్లలోపు అక్కడున్న మండలి ఉద్యోగి కన్ను మీద వేలు పెట్టి 'పొరపాటు' అంటే వదిలేస్తుంది. సొంత ఇంట్లో వేలు చెల్లదు.

నాంచారి తల్లి కుండ దొరికిన రోజు అక్కడున్నది ఈయనే. అరవై సెకన్లూ వాచీ చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత కుండను కాలితో తన్ని పగలగొట్టాడు. ముసల్ది రెండో రోజే పోయింది.

"అయిందా అమ్మాయ్?" హాల్లోంచి కేకేశాడు.

"వంటింటి కిటికీ చూడాలి సార్. తడిగాలి బయటికి పోకపోతే ఉక్కపోస్తుంది."

"అటు వద్దు!"

అప్పటికే వెళ్లింది. కిటికీ కింద, తడి ఇసుక మీద, తడిగుడ్డ చుట్టిన నల్లకుండ. పైన తేమకన్నుకి ప్లాస్టిక్ మూత.

ఓరి నీ దుంపతెగ! నీకూ కుండే కావాల్సొచ్చిందా!

చిదంబరరావు గుమ్మంలో ఆగిపోయాడు. "ఫ్రిజ్ నీళ్లతో దాహం తీరదమ్మా. నీకు తెలియందేముంది. ఎవరికీ చెప్పకు."

"చెప్పను సార్." చెయ్యి చాచి మూత పీకేసింది. కన్ను ఎర్రబడింది.

"అరవై," అంది గోడ.

"బుద్ధుందా నీకు! వేలు పెట్టు!"

నాంచారి గ్లాసు ముంచుకుంది. "మా అమ్మ పేరు చెప్పండి సార్, పెడతాను."

"ఎవరు... ఏ కాలనీ..." ఆయన మెడ మీద చెమట కారుతోంది. "నీకు దండం పెడతాను తల్లీ!"

"మా అమ్మా అట్లాగే పెట్టింది." గుక్క గుక్కకీ ఆగుతూ తాగింది. మట్టివాసన. మూడేళ్లయింది ఆ వాసన చూసి. కళ్లు మండాయి.

గోడ లెక్క ముగిసింది. కూలర్ ఫ్యాను ఆగిపోయింది.

"వీరరాఘవమ్మ," అంది నాంచారి. "మూడు రోజులు గుర్తుపెట్టుకోండి."

దొరికిన కుండ అక్కడే పగలగొట్టాలన్నది చట్టం. అది ఏం పాపం చేసిందని? తడి కుండను చంకనెత్తుకుని బయటికొచ్చి మెట్లు దిగసాగింది. అంతస్తుకో తేమకన్ను. ఆమె దాటిన ప్రతి అంతస్తులోనూ ఒకటొకటే ఎర్రబడుతోంది, గోడలు అరవై నుంచి లెక్కపెడుతున్నాయి. తలుపులు తీసుకుని పెద్దమనుషులు పరిగెత్తుకొచ్చారు, వేలు పెట్టమ్మా, వేలు పెట్టమ్మా అని.

నలభై అంతస్తులు. నాంచారి ఎక్కడా వేలు పెట్టలేదు.