ఒక సంతకమే కదా

పొద్దున్నే ఆ ఇంట్లో ప్రభుత్వం ఒకసారి పడిపోవాల్సిందే. కండక్టరుగారు పేపరు విప్పి, కళ్లజోడు సర్దుకుని, మొదటి పేజీ నుంచి ఒక్కొక్కరినీ గద్దె దించుకుంటూ వస్తారు. ముప్ఫై రెండేళ్లు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. సొంత బావమరిది టికెట్ లేకుండా ఎక్కితే నడిరోడ్డు మీద దింపేసిన చరిత్ర ఆయనది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ గొప్పగా చెబుతారు, ఆయన భార్య ఇప్పటికీ మొహం ముడుచుకుని వింటుంది.

"నూనె మళ్లీ పెరిగింది. గ్యాస్ పెంచి నెల కూడా కాలేదు. అడిగేవాడు లేకపోతే ఇంతే," అన్నారు.

"రోజూ మీరు అడుగుతూనే ఉన్నారుగా. వినపడేది నాకొక్కదానికే," అంది భార్య వంటింట్లోంచి. "ఆ పేపరు పక్కనపెట్టి ఈ బఠాణీలు ఒలవండి. ధర తగ్గకపోయినా నాకు పని తగ్గుతుంది."

"నవ్వుకో. ఆదివారం చూద్దువుగాని. కాలువ పలక కొలిచి అంతా బాగుందని సంతకం పెట్టిన పెద్దమనిషి ఎవరో, ఆ కాగితం రాగానే వీధి మొత్తాన్నీ కూర్చోబెట్టి పైకి చదువుతాను. సిగ్గుతో చచ్చిపోవాలి."

మధ్యాహ్నానికి అన్నం డబ్బా సర్దుకుంటున్న కూతురి చెయ్యి ఆగిపోయింది.

నెలన్నర కిందట వీధి చివర కాలువ మీద వేసిన కొత్త సిమెంటు పలక విరిగి, టైలరమ్మ కాలు లోపలికి దిగిపోయింది. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది. కుట్టుమిషన్ మీద బతికే మనిషి, మిషన్ తొక్కాల్సిన కాలే అది. కండక్టరుగారు ఊరుకుంటారా? పలక కొలిచి సంతకం పెట్టింది ఎవరో చెప్పమని మున్సిపల్ ఆఫీసుకి అర్జీ పెట్టారు.

ఆ ఆఫీసులోనే కూతురు వర్క్ ఇన్‌స్పెక్టరు. ఆమె చూసేది ఊరికి అటువైపు పనులు. ఇటువైపు చూసే ఆయన సెలవు పెట్టిన నెలలో మాత్రం ఇవీ ఆమె మీదే పడ్డాయి. అది ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ సంతకం ఆమెదే.

అర్జీ చేరిన రోజే గుమాస్తా ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. "మేడం, మీ నాన్నగారిదే. కొన్నాళ్లు అడుగున పడేద్దామా?" అని గొంతు తగ్గించి అడిగాడు. వద్దంది. అందుకు మెచ్చుకోవాల్సిందేమీ లేదు. ఇంట్లో నోరు విప్పి చెప్పడం మాత్రం ఆమెకు చేతకాలేదు. అప్పటినుంచీ టైలరమ్మ గుమ్మం తప్పించుకుని వెనక సందులోంచి ఆఫీసుకి వెళుతోంది.

తండ్రి ఆ మాటన్న పొద్దునే ఆమె చెప్పులు వేసుకుంటుండగా పోస్ట్‌మ్యాన్ గేటు దగ్గర కవరు ఆమె చేతికే ఇచ్చాడు. మీద ఆఫీసు ముద్ర ఉంది. సంచీలో పడేస్తే పోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకే సిగ్గేసింది. లోపలికొచ్చి కవరు ఆయన పేపరు మీద పెట్టింది.

"నువ్వు అడిగిన కాగితం, నాన్నా."

ఆయన హుషారుగా చింపారు. చదువుతూ చదువుతూ పెదవులు ఆగిపోయాయి. పేరు చదవక్కర్లేకపోయింది. సంతకం చివర తోకలా లాగిన ఆ గీత, ఎవడూ కాపీ కొట్టలేడని ఆయనే చిన్నప్పుడు నేర్పింది.

"ఇది నీది," అన్నారు.

"నాదే."

"వెళ్లి కొలిచావా?"

"లేదు. కాంట్రాక్టరు కొలతల పుస్తకం తెచ్చాడు. ఆరంగుళాల మందం అని రాసుంది. సంతకం పెట్టాను. వాడు వేసింది మూడంగుళాలే. టేపు పెట్టి ఉంటే తెలిసేది."

ఆయన లేచి నిలబడ్డారు. "నా కూతురివై ఉండి ఒక్క అరగంట అక్కడికి వెళ్లే తీరిక లేకపోయిందా? ఆ రోజు అంత రాచకార్యం ఏం వెలగబెట్టావు?"

ఆమె తల దించుకుంది. తల్లి గరిటె చేత్తోనే వచ్చి కాగితం అందుకుని తారీఖు చూసింది.

"పదకొండో తారీఖు. ఆ రోజు పిల్ల మీతోనే ఉందండీ."

"నాతోనా?"

"పెన్షను ఆఫీసులో బతికే ఉన్నానని కాగితం ఇవ్వాలి, లైన్లో నిలబడితే మోకాళ్లు నొప్పులు అని ఫోన్ మీద ఫోన్ చేశారు. ఒకచోట కొలతలకి వెళ్లే పనుంది నాన్నా అని అది అంటే ఏమన్నారో గుర్తుందా? నేను పక్కనే ఉన్నాను."

గుర్తుంది. 'ఒక సంతకమే కదా, ఎక్కడికి పోతుంది. ఆఫీసు కార్డు మెళ్లో వేసుకుని రా, నిన్ను చూస్తే ముందుకి పంపుతారు,' అన్నారు. పంపారు కూడా. నలభై మంది ముసలివాళ్లను దాటుకుని వెళ్లి పది నిమిషాల్లో పని ముగించుకున్నారు. ఆ సాయంత్రం ఇదే కుర్చీలో కూర్చుని, ఆఫీసుల్లో సిఫార్సులు ఎక్కువైపోయాయని అరగంట తిట్టారు.

కుర్చీలో కూలబడ్డారు. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నువ్వు రమ్మన్నావు, నిజమే. కానీ సాయంత్రం తిరిగెళ్లి కొలవచ్చు. వెళ్లలేదు. అది నా తప్పు." అని ఆమె గేటు దాటి వెళ్లిపోయింది.

ఆదివారం సాయంత్రం టైలరమ్మ వరండాలోనే అందరూ చేరారు. ఆమె కట్టు కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. వెనక మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది.

"చదవండి కండక్టరుగారూ. ఎవరా మహానుభావుడు?" అన్నాడు ఇస్త్రీ అతను.

"పలక కొలిచి సంతకం చేసినవారు..." అని ఆయన అక్కడే ఆగిపోయారు.

వెనక వరసలోంచి కూతురు లేచింది. "నేనే."

"చూడకుండా ఎలా పెట్టావమ్మా?" అన్నాడు ఇస్త్రీ అతను, ఈసారి మెల్లగా.

"చూడాల్సింది. చూడలేదు."

అంతే అంది. తండ్రి మాట ఎత్తలేదు. ఎత్తనందుకు ఆయనకి లోపల ఎక్కడో హాయిగా ఊపిరి ఆడింది. ఆ హాయి తెలిసిన మరుక్షణం ఆయన మీద ఆయనకే అసహ్యం వేసింది. తన పరువు నిలబెట్టుకోవడానికి బిడ్డను అంతమంది ముందు ఒంటరిగా నిలబెట్టారు.

"ఆ రోజు దాన్ని పని మీంచి పిలిచింది నేను," అన్నారు. లైను సంగతి, కార్డు సంగతి, తను అన్న మాట, ఏదీ దాచకుండా చెప్పారు. "ఆ లైన్లో మీలో ఎవరైనా ఉన్నారేమో, నేను మొహాలు కూడా చూడలేదు."

"నేనున్నాను," అన్నాడు ముసలి వాచ్‌మన్ గోడ పక్కనుంచి. "ఆ రోజు నా వంతు రాలేదు. మర్నాడు డ్యూటీ మానుకుని మళ్లీ వెళ్లాను."

కండక్టరుగారు ఆయనకి చేతులు జోడించారు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు గానీ తడి కళ్లజోడుది కాదు.

కూతురు వెళ్లి స్టూలు పక్కన కింద కూర్చుంది. "చూడకుండా సంతకం పెట్టానని ఆఫీసులో రాసిచ్చానండీ. వాళ్లేం చేస్తే అది."

"ఆఫీసు సంగతి నాకు తెలీదు," అంది టైలరమ్మ. "నువ్వు బాధపడినంత మాత్రాన నా కాలు రేపు మిషన్ తొక్కదు. కొత్త పలక ఎప్పుడేస్తారు?"

"బుధవారం."

"ఆ రోజు నువ్వక్కడ ఉండు. కాగితం మీద కాదు, కాలువ దగ్గర."

బుధవారం పొద్దున పేపరు మడత విప్పకుండానే బల్ల మీద ఉంది.

"ఏమండీ, ఇవాళ ప్రభుత్వం జోలికి పోలేదే?" అంది భార్య.

ఆయన గడప దగ్గర కూతురు చేతిలో ఉన్న టేపు వైపు చూస్తున్నారు.

"దానికి రెండో కొస పట్టుకోవడానికి మనిషున్నాడా?"

ఆమె ఆగి ఆయన వైపు చూసింది. "మోకాళ్లు నొప్పులన్నావుగా. చాలాసేపు నిలబడాలి నాన్నా."

"నిలబడతాను."

ఆమె కళ్లు నిండాయి. వంగి ఆయన చెప్పులు ముందుకు జరిపింది. ఇద్దరూ వెనక సందులోకి తిరగకుండా టైలరమ్మ గుమ్మం ముందు నుంచే నడిచారు.