పైన్ కొమ్మ ప్లేటు

చనిపోయిన మనిషి కుర్చీ ముందు ప్లేటు పెట్టి ఉంది.

ఉదయం ఏడు. తాళం వేసిన అద్దాల బీరువాలోంచి అది బయటికి రావడం వరుసగా ఇది మూడో రోజు. తెల్లటి, మందపాటి హోటల్ ప్లేటు. అంచున ఒకే ఒక్క పైన్ చెట్టు కొమ్మ బొమ్మ. కొమ్మ కుర్చీ వైపుకి ఉంది.

పోలీసు డిప్యూటీ లోరీన్ పాస్కో పోలరాయిడ్ కెమెరాతో అప్పటికప్పుడు వచ్చే ఫోటో తీసింది.

బీరువా నిండా మూతపడ్డ హోటళ్ల ప్లేట్లే. ఒహాయో నది ఒడ్డున పింగాణీ ఫ్యాక్టరీలు వెలిగిన 1950లలో పేరున్న డిజైనర్లు గీసిన నమూనాలు. ఆ కుర్చీ మనిషి క్లిఫర్డ్ జీవితమంతా వాటిని ఏరుకొచ్చాడు. పైన్ కొమ్మ మాత్రం తన సొంత చిన్న హోటల్, డైనర్ కోసం గీయించుకున్నది. అందులో మిగిలింది ఇదొక్కటే. ఆయన పోయి ఏడాది.

"మావయ్యే వస్తున్నాడంటుంది అత్తయ్య," అన్నాడు క్లిఫర్డ్ మేనల్లుడు డేల్. పోలీసుల్ని పిలిచింది అతనే. "నిద్రలో లేచి తనే పెట్టుకుంటోంది మేడమ్. మీరు రిపోర్ట్ రాసిస్తే వృద్ధాశ్రమంలో చేర్చేస్తా."

"ఇల్లు?"

"నేను చూసుకుంటా."

"బీరువా తాళంచెవులెన్ని?"

"రెండు. ఒకటి అత్తయ్య మెడలో. ఒకటి నా దగ్గర."

క్లిఫర్డ్ భార్య ఆర్డిత్ చెర్రీ పళ్లు కూరిన పై కోస్తోంది. "నన్ను పంపేస్తే క్లిఫ్ ఎక్కడికొస్తాడే పిల్లా? సరేలే, ముందు పై తిను. చిన్నప్పుడు మా డైనర్‌లో చెర్రీ పై కోసం ఎంత రాగం తీసేదానివి!"

పై ముక్కతో పడవ బొమ్మ ప్లేటు లోరీన్ ముందు పెట్టింది. బొటనవేలు ప్లేటును కొంచెం తిప్పింది. పడవ లోరీన్‌కి ఎదురుగా అవతలి అంచుకి చేరింది. ఆర్డిత్ ప్లేటు వైపు చూడను కూడా లేదు.

లోరీన్ ఫోర్కు ఆగిపోయింది.

"డేల్, అత్తయ్యకి మీరు పెట్టండి."

డేల్ పెట్టాడు. పడవ ఆర్డిత్ ఒడి వైపుకి ఉంది. ఆమె చెయ్యి దానంతటదే వెళ్లి ప్లేటును తిప్పేసింది.

"బొమ్మ అవతలే ఎందుకుండాలి?" అడిగింది లోరీన్.

"కస్టమరు కూర్చోగానే కళ్లకెదురుగా కనబడాలి. ఇటు తిరిగిందా, క్లిఫ్ వంటగదిలోంచే కేకలేసేవాడు. నిద్రలో లేపినా నా చెయ్యి తప్పదు."

లోరీన్ ఫోటో బల్ల మీద పెట్టింది. "మరి ఇందులో కొమ్మ కుర్చీ వైపే ఉందేం?"

ఆర్డిత్ ఫోటోని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "మూడు రోజులూ ఇలాగే ఉంది. ఆయనే వచ్చాడన్న సంబరంలో... నేనేం చూశాను?"

"మరో తాళంచెవి మీ దగ్గరే ఉంది," అంది లోరీన్ డేల్‌తో. డేల్ తాను తీసిన గోతిలో తానే పడ్డాడు.

"ఊరికే... భయపెడదామని..."

"తాళంచెవి ఇవ్వండి. స్టేషన్‌కి నడవండి."

గుమ్మం దగ్గర లోరీన్ వెనక్కి తిరిగింది. ఆర్డిత్ ఏడుస్తోంది.

"ఇల్లు నిలబెట్టావు. కానీ క్లిఫ్‌ని తీసుకుపోయావే పిల్లా. ఆయనైనా కొమ్మ ఇటు తిప్పి పెట్టడుగా."



ఆర్డిత్ కళ్లు తుడుచుకుంది. పైన్ కొమ్మ ప్లేటులో పై ముక్క వేసింది. ఖాళీ కుర్చీ ముందు పెట్టి, బొటనవేలితో తిప్పింది. కొమ్మ అవతలికి చేరింది.

"ఇది నేనే పెట్టాను. రిపోర్టులో రాసుకో."