నాలుగు సీసాల బరువు

"కాలు కదిలిందండీ! నా కళ్లతో నేను చూశాను!"

"కదల్లేదు. ఎగిరింది."

"రెండింటికీ తేడా ఏంటండీ?"

"చాలా ఉంది. ముందు కూర్చోండి."

లిఫ్ట్ మెకానిక్ కూర్చోలేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. లిఫ్టు తనిఖీకి వాడే కాగితమే అది. తేదీ, టైము, ఏ కాలు, ఎన్నిసార్లు. వారానికి పదకొండు టిక్కులు. పేషెంటు పేరు దగ్గర పెద్దక్షరాలతో 'గూడ్సు' అని రాసి ఉంది.

గూడ్సు అంటే బల్ల మీద పడుకున్న కుక్క. పొడుగాటి ఒళ్లు, జానెడు కాళ్లు. గూడ్సు రైలులా దాని తల గుమ్మం దాటిన ఎంతసేపటికో తోక వచ్చేదని మెకానిక్ తల్లి పెట్టిన పేరు. ఇప్పుడు వెనక సగం దాని మాట వినడం మానేసింది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు పగిలి నరాల మీద పడింది. సర్జన్ కోసి తీశాడు. "నా పని అయింది. ఆరు వారాల్లో కాళ్లకి స్పర్శ రాకపోతే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు" అని చేతులు కడుక్కున్నాడు. అందులో ఒక వారం అప్పుడే గడిచిపోయింది.

మిగతా అయిదు వారాలూ, జంతువులకి కసరత్తు చేయించి నడిపించే ఈ ఫిజియో చేతిలో పెట్టారు. జుట్టు పైకి ముడేసి, దానికి పెన్ను గుచ్చి, ఎదుటివాడి ఉత్సాహం మీద చన్నీళ్లు కుమ్మరించడమే ఉద్యోగం అన్నట్టు నిలబడి ఉంది.

"ఇటు చూడండి" అంటూ ఆమె చిన్న పట్టకారుతో గూడ్సు వెనక కాలివేలు నొక్కింది. కాలు చటుక్కున వెనక్కి పోయింది.

"చూశారా! కదిలింది!"

"కాలు కాదు, దాని మొహం చూడండి."

గూడ్సు తాపీగా ఆమె కోటు జేబు వాసన చూస్తోంది. అందులో బిస్కెట్లున్నాయి.

"కాలు లాక్కుంది. లాక్కున్న సంగతి దానికే తెలీదు. దీన్ని రిఫ్లెక్స్ అంటారు. కబురు వెన్ను దాకా వెళ్లి తిరిగొచ్చేసింది, తల దాకా పోలేదు. నొప్పి తెలిస్తే తల తిప్పి చూస్తుంది, మూలుగుతుంది, లేదా కరుస్తుంది. అదీ ఫీలింగ్. మీ పదకొండు టిక్కులూ కొట్టేయండి."

"అంటే మావాడు నన్ను కరవాలని మొక్కుకోవాలా?"

"కరిస్తే ముందు నాకు ఫోన్ చేయండి."

ఆమె నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వలేదు. కానీ టిక్కులు కొట్టేయడానికి జుట్టులోంచి పెన్ను తీసి ఇచ్చింది. జుట్టు భుజాల మీదికి జారింది. మెకానిక్ నాలుగు టిక్కులు కొట్టేసి, మిగతావి మరిచిపోయాడు.

ఆరోజే ఆమె ఇంకో పని నేర్పింది. గూడ్సుకి ఉచ్చ పోయడం కూడా రాదు. రోజుకి మూడు పూటలా పొట్ట నొక్కి పోయించాలి. ప్రేమకథలో ఈ మాట ఏమిటని ఎవరైనా ముక్కు మూసుకుంటే మూసుకోనీ. ఆమె చేయి అతని చేతి మీద మొదటిసారి పడింది ఆ పని దగ్గరే.

"ఇక్కడ, బుడగలా తగులుతోందా? పిండొద్దు. నొక్కి పట్టుకోండి. ఇంకాస్త."

ఇంకాస్త నొక్కాడు. ధార వచ్చింది, సూటిగా అతని చొక్కా మీదికి. అప్పుడు నవ్వింది ఆమె, గోడకి ఆనుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా. చొక్కా పోతే పోయిందనుకున్నాడు మెకానిక్.

మరుసటి వారం ఆమె ఇంటికి వచ్చింది, గూడ్సు పడుకునే చోటు చూడ్డానికి. వర్షం సన్నగా పడుతోంది. వీధి చివర మెకానిక్ ఇంజిన్ ఆపి స్కూటర్ తోసుకుంటూ వస్తున్నాడు.

"ఏమైంది, పెట్రోల్ అయిపోయిందా?"

"కాదండీ." హారన్ వైపు చూశాడు. "నా హారన్ వినపడితే సోఫా మీంచి దూకి గుమ్మంలోకి వచ్చేవాడు. ఆ రోజు కూడా దూకాడు. ఇంక లేవలేదు. అప్పట్నించీ..."

ఫిజియో గొడుగు తెచ్చి అతని నెత్తిన పట్టింది. ఓదార్పు మాటలు ఆమెకి రావు. "డిస్కు ఎన్నాళ్లనించో ఎండిపోయి ఉంటుంది. హారన్ కాకపోతే పిల్లి. పిల్లి కాకపోతే పోస్ట్‌మ్యాన్. ఆ బరువు మీరొక్కరే మోయక్కర్లేదు" అంది.

ముందు గదిలోకి అడుగు పెట్టగానే ఆమె ఆగిపోయింది.

గుమ్మానికి రెండు కప్పీలు బిగించి ఉన్నాయి. వాటి మీదుగా తాడు. ఒక కొసకి పాత జీన్స్ గుడ్డతో కుట్టిన నడుం పట్టీ, ఇంకో కొసకి నాలుగు లీటరు సీసాలు, నిండా నీళ్లతో. పట్టీలో గూడ్సు నిలబడి ఉంది. నిలబడిందంటే, ముందు కాళ్లు నేల మీద, వెనక కాళ్లు గాలిలో దర్జాగా ఊగుతూ.

"పట్టీ నేను కుట్టాను" అంది తల్లి, కుట్టు మిషను దగ్గర్నించి. టైలరింగ్ ఆవిడ పని. "మిగతా తెలివంతా మావాడిది. ఒరే, చెప్పరా."

మెకానిక్ ఛాతీ ఉబ్బించాడు. "వాడి వెనక సగం నాలుగు కిలోలండీ. ఇటు నాలుగు లీటర్లు. కరెక్టుగా సరితూగుద్ది. లిఫ్టు సూత్రమే. అవతల బరువు సరిపోతే మోటారుకి శ్రమే ఉండదు."

"ఉండదు. అదే కదా మీ గొప్పదనం. మీకు మోటారు కష్టపడకూడదు. నాకు ఆ మోటారే కష్టపడాలి." ఆమె గూడ్సు వెనక కాళ్ల కింద అరచెయ్యి పెట్టింది. "బరువే పడకపోతే ఈ కాళ్లు దేనికి గుర్తుకొస్తాయి? మీరు కుక్కని నిలబెట్టలేదండీ, దండెం మీద ఆరేశారు."

తల్లి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

మెకానిక్ మొహం వాడిపోయింది. వారం రోజుల పని, గోడకి మూడు చోట్ల రంధ్రాలు. తాడు విప్పబోయాడు. ఫిజియో అతని మణికట్టు పట్టుకుంది.

"విప్పమన్నానా? మంచి సరుకు ఇది. లెక్కే తప్పు." ఒక సీసా తీసేసింది. గూడ్సు నడుము కిందికి దిగింది. వెనక పాదాలు నేలకి ఆనాయి. "పూటకి అయిదు నిమిషాలు, మిగతా టైమంతా విశ్రాంతి. వచ్చే శనివారం రెండో సీసా నేనొచ్చి తీస్తాను. మీరు ముట్టుకోవద్దు."

"మీరే రావాలా?"

"ఏం, రాకూడదా?"

"అబ్బే, రండి. రోజూ రండి."

"టీ తాగుతావా అమ్మాయ్?" అని తల్లి మధ్యలో దూరి కొడుకు పరువు కాపాడింది.

"వద్దు ఆంటీ."

"ఆంటీయా! నిండుగా ఇంకేదైనా పిలవరాదూ?"

ఏం పిలవాలో తెలియనట్టు ఆ అమ్మాయి గొడుగు మడిచింది.

శనివారాలు వచ్చాయి. మూడు సీసాలు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. గూడ్సు పిక్కలు కాస్త గట్టిపడ్డాయి. ప్రతిసారీ ఆమె పట్టకారుతో వేలు నొక్కేది, ప్రతిసారీ అందరూ గూడ్సు మొహం వైపు చూసేవాళ్లు, గూడ్సు బిస్కెట్ వైపు చూసేది. మెకానిక్ కాగితంలో అన్నీ సున్నాలే.

ఆపరేషన్ అయిన అయిదో శనివారం ఆమె, వెనక కాళ్లు పడిపోయిన కుక్కలకి కట్టే చక్రాల బండి ఫొటో చూపించింది.

"అది మావాడికొద్దు" అన్నాడు అతను.

"ఎందుకొద్దు?"

"అంటే ఓడిపోయినట్టే కదండీ."

"ఎవరు? వాడా, మీరా?" ఆమె గొంతు మొదటిసారి పెరిగింది. "చక్రాలుంటే వాడు వీధంతా తిరుగుతాడు. వాడికి పరువు సమస్య లేదు. ఉన్నది మీకు. వచ్చేవారం స్పర్శ రాకపోతే కొలతలు తీసుకుందాం. ఒప్పుకుంటేనే వస్తాను."

ఆ వారమంతా మెకానిక్‌కి అన్నం సయించలేదు. శుక్రవారం సాయంత్రం తనే టేపు పట్టుకుని గూడ్సు కొలతలు తీసుకున్నాడు. పొడుగు, ఎత్తు, నడుము చుట్టు. సున్నాల పక్కనే ఆ అంకెలు రాశాడు.

ఆరో శనివారం ఆమె ఆ కాగితం చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత, "తల పట్టుకోండి" అంది.

ఒక్క సీసా బరువుతో గూడ్సు నిలబడి ఉంది. మెకానిక్ దాని దవడల కింద చేయి పెట్టాడు. ఆమె వేలు నొక్కింది.

గూడ్సు గిరుక్కున తల తిప్పింది. పట్టకారు అందలేదు. అందింది మెకానిక్ చేయి. పళ్లు దిగాయి.

"అమ్మో! కరిచాడు! అమ్మా, కరిచాడే!" కేక వేస్తూనే నవ్వుతున్నాడు. నెత్తురు కారుతోంది.

"టీకాలు వేయించారా?"

"అన్నీ! అన్నీ వేయించాం!"

"నవ్వింది చాలు, చేయి పట్టండి. అత్తయ్యా, సబ్బు!"

కంగారులో చేతికి అందిన నీళ్లవే. తాడు కొసనున్న చివరి సీసా లాగేసి, మూత తిప్పి, అతని చేతి మీద పోసింది. తల్లి సబ్బుతో పరిగెత్తుకొచ్చి సగంలో ఆగిపోయింది.

"ఒరే... తాడు చూడు."

తాడు వదులుగా వేలాడుతోంది. అవతల కొసన ఏమీ లేదు. గూడ్సు నాలుగు కాళ్ల మీదా నిలబడి ఉంది. నడుము వణుకుతోంది, ఒక పాదం వంకరగా పడింది. అయినా నిలబడింది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేసరికి మెల్లగా కూలబడి, తోక రెండుసార్లు నేలకి కొట్టింది.

తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని, సబ్బు ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. "కాసిని టీ పెట్టుకొస్తా. ఈసారి వద్దనకు, కోడలా" అని వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఫిజియో తల వంచుకుని గాయానికి సబ్బు రుద్దుతోంది.

"ఇది కడిగాక హాస్పిటల్‌కి వెళ్లి చూపించాలి."

"వెళ్దాం. ముందొకటి అడగాలండీ. ఇందాక మా అమ్మని అత్తయ్యా అన్నారు."

"కంగారులో అన్నాను."

"అది రిఫ్లెక్సా, ఫీలింగా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. మెల్లగా తల తిప్పింది. అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"తల తిప్పి చూశాను కదా" అంది. "రాసుకో."