పచ్చ పావురం, ఊర పావురం

ఢాం...!

అప్పుడే తెల్లవారుతోంది. కుకునూరుపల్లి వెనక తుప్పల్లో పరుగెత్తుతున్నాడు ఫారెస్టు గార్డు పర్శరాములు. చేతిలో లాఠీ ఒక్కటే.

మళ్లీ... ఢాం!

ఈసారి మనిషి కేక.

మేడిచెట్టు కింద చచ్చిపడిన ఐదారు పావురాలు. ఆకుపచ్చ రెక్కలు, పసుపు కాళ్లు. ఆ పక్కనే తాడిచెట్టు మొదట్లో కల్లు గీసే ఐలయ్య. తొడలో గుండ్లు దిగాయి. నెత్తురు ఆగడం లేదు.

జీపు వైపు నడుస్తున్నాడు లక్ష్మీరాజం. సిద్దిపేటలో బట్టల వ్యాపారి. భుజాన తుపాకి.

ఆ తుపాకి పర్శరాములుకు తెలుసు.

పోయినేడు తనే పట్టుకున్నాడు. అప్పుడూ ఇవే పిట్టలు. వేటాడొద్దని చట్టం చెప్పే జాబితాలో ఉన్నవి. కొడితే కేసు, తుపాకి జప్తు. జాబితాలో లేనిది మిద్దెల మీద తిరిగే బూడిదరంగు ఊర పావురం.

రిపోర్టులో తను రాసింది అదే. ఊర పావురాలు.

అంతకు నెల ముందు... కాన్పు కష్టమైన తన భార్య యాదవ్వను హైదరాబాదు దవాఖానకు చేర్చింది లక్ష్మీరాజం జీపే.

తుపాకి తిరిగి లక్ష్మీరాజం చేతికే వెళ్లిపోయింది.

ఇప్పుడు ఐలయ్య తొడ.

"సేటూ, ఆగు. ఈన్ని జీపుల ఎక్కియ్యాలె."

"ఎక్కిద్దాం. ముందుగాల కాయితం రాయి. సచ్చినయి ఊర పావురాలని. ఐలయ్య చేతిల నాటు తుపాకి పేలిందని."

"పాణం పోతుంటే గదేం మాట?"

"గందుకే జల్ది రాయి."

రాశాడు. సంతకం పెట్టాడు.

జీపు దూకింది. పర్శరాములు అంగీ విప్పి గాయానికి అదిమిపట్టాడు. ఐలయ్య అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు రాకుంటే సచ్చిపోదునే, అన్నా."

పర్శరాములు తల ఎత్తలేకపోయాడు.

సిద్దిపేట దవాఖాన. మంచం మీదికి చేర్చినా ఐలయ్య పర్శరాములు మణికట్టు వదల్లేదు. డాక్టరమ్మ స్వరాజ్యలక్ష్మి గాయం చూసింది. రిజిస్టరు తెరిచింది.

"ప్రాణానికి భయం లేదు. పోలీసులకు చెప్పాలి. ఎవరు కాల్చారు?"

లక్ష్మీరాజం కాగితం ముందుకు చాపాడు. "ఆయనదే తుపాకి, డాక్టరమ్మా. గార్డు రాసిచ్చిండు."

"గది అబద్ధం," అన్నాడు పర్శరాములు. "కాల్చింది గీ సేటు. పోయినేడే గీ తుపాకి గుంజుకోవాల్సింది. దొంగ రిపోర్టు రాసి నేనే ఇప్పిచ్చిన."

"నౌకరి పోతది, ఎరుకేనా?" లక్ష్మీరాజం గొంతు తగ్గించాడు.

"ఎరుకే. రాయుండ్రి, డాక్టరమ్మా. ముందుగాల నా పేరే."

పెన్ను కదిలింది.

మంచం మీది ఐలయ్య పర్శరాములు మొహంలోకి చూశాడు.

మణికట్టు వదిలేశాడు.