స్నానశాలలో చిన్న చప్పుళ్లు

సైరాగుల్‌కి నలభై ఏడేళ్లు. దారిన నడిచేటప్పుడు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది, కానీ ఏ పాటా పెట్టుకోదు.

అవి ఉంటే మగాళ్లు పలకరించరు. అంతే కారణం.

బిష్కెక్‌లో మా కుట్టు వర్క్‌షాపులో ఆమె మిషను, నా మిషను పక్కపక్కనే. ఇరవై ఏళ్ల ఆ మోతకి ఆమె కుడి చెవి సగం పోయింది. ఒకరోజు టీ తాగుతూ ఆమె ఫోను తీసుకుని సెట్టింగులు మార్చింది నేనే. బయటి శబ్దం హెడ్‌ఫోన్లలోకి వచ్చేలా, సన్నటి చప్పుళ్లు పెద్దగా వినిపించేలా, కుడి చెవికి ఇంకాస్త ఎక్కువ అందేలా.

"ఎంత పెట్టమంటావక్కా?"

"చివరిదాకా పెట్టు. ఇరవై ఏళ్లు తక్కువే విన్నాను."

కాబట్టి తరవాత జరిగినదాన్లో నా చెయ్యి కూడా ఉంది. ఆమె చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

వాళ్ల ఊరికి మినీబస్సులో అరగంట. రోడ్డు మీద దిగాక రెండు దారులు. కాలవ గట్టున పోతే పది నిమిషాలు. పెట్రోలు బంకు చుట్టూ తిరిగి పోతే యాభై. ఊళ్లో ఆడవాళ్లందరూ యాభై నిమిషాలే నడుస్తారు.

ఎందుకంటే కాలవ గట్టున ఊరుమ్మడి పాత స్నానశాల ఉంది. సోవియట్ కాలంలో కట్టింది, ఎప్పుడో మూతపడింది. అందులో అల్‌బర్‌స్తీ ఉంది — పచ్చటి జుట్టు మోకాళ్లదాకా వేలాడే దెయ్యం, బాలింతల ఊపిరితిత్తులు లాక్కుపోయేది. మూడు శీతాకాలాలుగా చీకటి పడితే చాలు, లోపల ఆడమనిషి ఏడుపు. ఆ దారిన వచ్చిన పాలమ్మే ఆవిడకి తొమ్మిది రోజులు జ్వరం దిగలేదు.

ఊరి మగాళ్లు ధైర్యవంతులు. రోజూ ఏడుగురు అక్కడికి కాపలాకి పోతారు. కాగిన నూనె వాసన తగిలితే పోయినవాళ్ల ఆత్మలు చల్లబడతాయి గనక, ఆడవాళ్లు పిండిముద్దలు వేయించి గుడ్డలో కట్టి ఇస్తారు. తెల్లారేసరికి గుడ్డ ఖాళీ.

"దానికెంత ఆకలో!" అనేది సైరాగుల్ అత్తగారు. "రేపు ఇంకో వాయి వెయ్యవే."

మరి ఆ దెయ్యం మగాళ్లని ఏమీ చెయ్యదేం? అని ఎవరూ అడగలేదు. కోడళ్లు అడిగే ప్రశ్నలు కావవి.

జనవరిలో మా వర్క్‌షాపు యజమానురాలు సైరాగుల్‌ని పిలిచి, కటింగ్ మాస్టర్‌గా చేస్తావా అంది. ఇరవై ఏళ్లు ఒకే సూది కింద చూపు పెట్టుకున్న మనిషికి అదేమిటో వేరే చెప్పక్కర్లేదు. ఒక్కటే షరతు — రోజూ ఏడున్నరదాకా ఉండాలి.

మొగుడు జుమాకాదిర్ తల ఎత్తకుండానే అన్నాడు. "ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉండాలి. లేకపోతే పని మానెయ్."

తను కాపలాకి పోతాడు. గడియారం చూసేది అత్తగారు.

చుట్టు దారిన వస్తే తొమ్మిదవుతుంది. మిగిలింది కాలవ గట్టు.

"దెయ్యాన్నయినా బతిమాలొచ్చు చెల్లీ," అంది నాతో, మొదటిసారి ఏడున్నరదాకా ఉన్న సాయంత్రం. "మా ఆయన్ని కాదు."

చలి ఎముకలు కొరికేస్తోంది. కోట్ల కాలర్లకి కత్తిరించగా మిగిలిన పచ్చటి బొచ్చుగుడ్డ నేనే తెచ్చి ఆమె తలకి చుట్టాను. అది భుజాల మీంచి నడుందాకా దిగింది.

గట్టెక్కింది. మంచు. చీకటి. తన బూట్ల చప్పుడే చెవుల్లో వెనకాల ఎవరో నడుస్తున్నట్టు... ఆగితే ఆగుతుంది. నడిస్తే నడుస్తుంది.

స్నానశాల ఇంకా యాభై అడుగులుంది. అప్పుడు వినిపించింది.

కటక్... కటక్... ఎముకలు కొరుకుతున్న చప్పుడు.

తరవాత — సుర్ర్... సుర్ర్‌మని ఏదో పీలుస్తున్నట్టు. రక్తమే అనుకుంది.

హెడ్‌ఫోన్లు తీసేసింది. ఏమీ లేదు. దూరాన కుక్కలు. మళ్లీ పెట్టుకుంది. కటక్... సుర్ర్... ఆ మధ్యలో ఆడమనిషి వెక్కిళ్లు.

"నన్ను పోనివ్వండి... తలుపు తియ్యండి..."

సైరాగుల్ ఆగింది. వెనక్కి తిరిగితే యాభై నిమిషాలు. యాభై నిమిషాలంటే ఇకమీదట జన్మంతా ఆ సూది కిందే. ముందుకే నడిచింది.

పది అడుగులు. ఇప్పుడు ఏడుపు ఒక్కటి కాదు... రెండు... నాలుగు... బొంగురుగా, ముక్కులు ఎగబీల్చుకుంటూ. మగ ఏడుపులు. వాటిలోంచి ఒక గుసగుస —

"ఆ పిల్లని పనికి పోనివ్వవే, ముసలి రాక్షసీ!"

ఆ గొంతు ఆమెకి తెలుసు. పాతికేళ్లుగా ఆ గొంతు పక్కనే పడుకుంటోంది.

తలుపు సందులోంచి చూసింది. టీ కూజాకి ఆనించిన టాబ్లెట్లో టర్కీ సీరియల్. చుట్టూ ఏడుగురు మగాళ్లు. కాళ్ల కింద చీలమండదాకా పొద్దుతిరుగుడు గింజల పొట్టు. చేతుల్లో టీ గిన్నెలు. గుడ్డలో వేయించిన పిండిముద్దలు. అందరికన్నా ముందు పెద్దమనిషి అబ్దుల్దా — సీరియళ్లు చూసి ఆడవాళ్లు చెడిపోతున్నారని మూడేళ్ల కిందట ఊరి చేత టీవీలు మాన్పించిన మనిషి — నెత్తి మీది తెల్లటోపీతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

"ఊరుకో పెద్దయ్యా," అంటున్నాడు మినీబస్సు డ్రైవరు.

"ఎలా ఊరుకోనురా? నర్సవుదామనుకుంది పిచ్చితల్లి! గదిలో పెట్టి తాళం వేశారు!"

"మొగుడు నోరు మెదపడే! వాడూ ఒక మనిషేనా?"

"పశువు," అన్నాడు జుమాకాదిర్ ముక్కు చీదుతూ. "ఉత్త పశువు."

సైరాగుల్ తలుపు నెట్టింది.

ఏడుగురూ ఒక్కసారి తిరిగారు. గుమ్మంలో నల్లటి ఆకారం. తల మీంచి నడుందాకా పచ్చటి జుట్టు. వెనకాల మంచు.

ఆమె అన్నది ఒక్కటే మాట. మెల్లగా —

"పోనివ్వండి."

జుమాకాదిర్ చేతిలో గిన్నె జారింది. ఆ తరవాత ఎవరు ఎవర్ని తొక్కారో తెలీదు గానీ, వెనక కిటికీలోంచి మొదట దూకింది మాత్రం డెబ్భై రెండేళ్ల అబ్దుల్దా. టోపీ అక్కడే ఉండిపోయింది.

సైరాగుల్ గట్టిగా నవ్వింది. నవ్వి, పోదామని తిరిగింది.

అప్పుడు... కుడి చెవిలో...

ఎవరో ముక్కు ఎగబీల్చారు.

గదిలో ఎవరూ లేరు. చల్లారిన నీళ్ల బాయిలరు, దాని వెనక చీకటి. హెడ్‌ఫోన్లు తీసింది — నిశ్శబ్దం. పెట్టుకుంది — మళ్లీ. సన్నగా, ఏడుపు ఆపుకుంటున్నట్టు. సీరియల్లో పిల్ల తలుపు బాదుతోంది. బాదినప్పుడల్లా బాయిలరు వెనక ఒక వెక్కిలి.

"భయం వెయ్యలేదా అక్కా?" అన్నాను, మర్నాడు ఆమె ఇదంతా చెబుతుంటే.

"వేసింది. కానీ ఆవిడకి మంచి సీను మధ్యలో ఉంది కదా."

టాబ్లెట్ని బాయిలరు వైపు తిప్పింది. పిండిముద్దల గుడ్డ దగ్గరికి జరిపింది. తలుపు దగ్గరికి వేసి ఇంటికి పోయింది. ఎనిమిదీ ఇరవై అయిదు.

అరగంట తరవాత జుమాకాదిర్ వచ్చాడు. మొహం సున్నంలా ఉంది.

"చూశాను... దాన్ని కళ్లారా చూశాను."

"అయ్యో. ఏమంది?"

"పోనివ్వమంది."

"ఎవరిని?"

"చెప్పలేదు. అందరినీ అనుకుంటా." తరవాత గోడ వైపు తిరిగి అన్నాడు, "నువ్వు... ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండి రా. దానితో మనకెందుకు?"

మార్చిలో సైరాగుల్ కటింగ్ మాస్టర్ అయింది. మొగుడికి ఇంతవరకూ నిజం చెప్పలేదు.