గంట, పొగ, లాంతరు

ఆ పాత సందులో తొమ్మిది ఇళ్లు, ఏడు భాషలు. ఒకరి మాట ఇంకొకరికి సగమే అర్థమవుతుంది. అయినా మూలనున్న ఖాళీ మేడ గురించి మాత్రం అందరిదీ ఒకటే మాట — అందులో దెయ్యముంది!

ఏం చేస్తుందయ్యా అంటే తలో రకం. గంట కొడుతుందని పాటల పంతులమ్మ. పొగ వదులుతుందని రొట్టెలాయన. లాంతరు పట్టుకు తిరుగుతుందని గడియారాల తాత.

మన దర్జీ వదినకు అద్దెకు ఆ మేడే కావాలి, మొగుడేమో దెయ్యమని ఒప్పుకోడు. ఆమె కుట్టుపని చేసే గది రేపటికల్లా ఖాళీ చేయాలి. ఇంకో చోటు దొరక్కపోతే మొగుడి అన్నగారి ఊరికి పోవాలి. ఈ సందును వదలడమా! తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొస్తుంది.

"రాత్రికి ఒక్క గంట లోపల కూర్చుని రా. వస్తే అక్కడే దుకాణం పెట్టుకో," అన్నాడు మొగుడు. "నేను గేటు దగ్గరే ఉంటాలే."

ఆయన ధైర్యం గేటు వరకే మరి.

ఎనిమిదింటికి వదిన కత్తెర పట్టుకుని లోపలికెళ్లింది. మెట్ల కింద నక్కింది. పావుగంట... ఏమీ లేదు. అరగంట...

టింగ్!

పెరట్లోంచి గంట. వదిన కత్తెర ముందుకు చాపింది. ఇంతలో ముందు గదిలోంచి పొగ... డాబా మీంచి లాంతరు, ఒక్కో మెట్టే దిగుతూ...

"ఎవరదీ!" కళ్లు మూసుకుని కేకేసింది వదిన.

మూడు భాషల్లో మూడు కేకలు తిరిగొచ్చాయి.

కళ్లు తెరిస్తే — గంటతో రొట్టెలాయన, పొగ కుంపటితో గడియారాల తాత, లాంతరుతో పాటల పంతులమ్మ!

"మీరా?" వదిన గుసగుసగా అడిగింది.

"పొగ దెయ్యం పారిపోవాలని వారం వారం గంట కొడుతున్నానమ్మా," అన్నాడు రొట్టెలాయన.

"నేను లాంతరు దెయ్యానికి పొగ పెడుతున్నా!" అన్నాడు తాత.

పంతులమ్మ కొంగులో మొహం దాచుకుంది. "గంట దెయ్యం... వెలుగు చూస్తే పోతుందనీ..."

ఆ తర్వాత చూడాలి! కడుపు పట్టుకుని, గోడ పట్టుకుని, చివరికి ఒకరినొకరు పట్టుకుని నలుగురూ ఒకటే నవ్వు.

గంట గడిచాక వదిన గేటు దగ్గరికొచ్చింది. మొగుడు లేడు. చెప్పులు మాత్రం ఉన్నాయి. ఖాళీ మేడలో అన్ని గొంతులు పగలబడి నవ్వుతుంటే మనిషన్నవాడు నిలబడతాడా!

మాటిచ్చాడు కాబట్టి దుకాణం వెలిసింది. ఆయన మాత్రం ఇప్పటికీ గడప తొక్కడు. రోజూ మధ్యాహ్నం వేడి వేడి క్యారియర్ మెట్టు మీద పెట్టి, వీధిలోంచే ఒక కేకేసి పరుగు.

అసలు సంగతి ఆయనకు చెప్పేద్దామనే అనుకుంటుంది వదిన, రోజూ, భోంచేశాక.